ముందు ఫోన్ ఎత్తేవాళ్లు, తర్వాతే పోస్టర్లు

శనివారం సాయంత్రం ఆరుగురు మిత్రులు ఒక గదిలో చేరతారు. ఊళ్లోవాళ్ల చేత లినక్స్ వాడించాలి, లిబ్రెఆఫీస్ నేర్పాలి, దొంగ కాపీల బెడద వదిలించాలి. ఉత్సాహానికేం లోటు లేదు. సంఘానికి ఏం పేరు పెడదాం, లోగో ఎలా ఉండాలి, టీషర్టులు ఎన్ని కొట్టిద్దాం, సభకు ఎవర్ని పిలుద్దాం అన్న మాటల్లోనే రెండు గంటలు గడిచిపోతాయి. సభ జరుగుతుంది, బాగానే జరుగుతుంది. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఆ వచ్చే సోమవారం పొద్దున, ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్న స్కూలు గుమస్తాగారు ఫోన్ చేస్తారు. "బాబూ, టీసీ ప్రింటు రావట్లేదు. పిల్లాడి నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఏం చేయమంటావు?" ఆ ఫోన్ ఎవరెత్తాలన్నది మాత్రం రెండు గంటల్లో ఒక్కరూ అనుకోలేదు.

ప్రచారం ఒక పూట పని, తోడుండటం ఏడాది పని. అందుకే ప్లానింగు తిరగేసి చేసుకోమంటాను. ఎంతమందికి చివరిదాకా సాయపడగలమో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత సరిగ్గా అంతమందినే పిలవండి. ఆరుగురున్న బృందం మొదటి ఆరు నెలల్లో పదో పన్నెండో సిస్టమ్‌లను బాధ్యతగా చూసుకోగలిగితే గొప్పే. సభకు వందమంది రావడం గొప్ప కాదు. ఆ పన్నెండూ వచ్చే ఏడాది కూడా లినక్స్ మీదే నడుస్తుండటం గొప్ప.

ఈ పనికి ఇంతకన్నా మంచి సమయం దొరకడం కష్టం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మరికొంత కాలం భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉన్నా అది తాత్కాలికమే. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసరు దాదాపు 2018 తర్వాతిదై ఉండాలి. అంటే స్కూలు ల్యాబుల్లో, గ్రంథాలయాల్లో, సంఘాల ఆఫీసుల్లో శుభ్రంగా పనిచేస్తున్న సిస్టమ్‌లు బోలెడన్ని ఉన్నట్టుండి 'పాతవి' అయిపోయాయి. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న అలాంటి సిస్టమ్‌కి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ తగిలించి లినక్స్ మింట్‌లో తేలికపాటిదైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎక్కిస్తే ఉత్తరాలు, లెక్కల పట్టికలు, నెట్టు, సినిమా అన్నీ హాయిగా నడుస్తాయి. కేడీఈ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు కలిసి దీనికోసమే 'ఎండ్ ఆఫ్ 10' అని ప్రచారం పెట్టాయి. అందులో నాకు బాగా నచ్చింది వాళ్ల నినాదం కాదు. సాయం చేసేవాళ్లు, రిపేరు షాపులు ఏ ఊళ్లో ఎక్కడున్నారో చెప్పే జాబితా. ప్రచారమంటే అలా ఉండాలి. 'ఇది మంచిది' అని చెప్పి ఊరుకుంటే సగం పనే. 'మీకు కష్టమొస్తే ఫలానా చోటికి రండి' అన్నప్పుడే అది పూర్తవుతుంది.

మొహమాటం ఖరీదు

మనవాళ్లలో స్వచ్ఛంద కార్యకర్తను దెబ్బతీసేది బద్ధకం కాదు, మొహమాటం. ఎవరడిగినా 'తప్పకుండా సార్, వచ్చి చేసేస్తాం' అనేస్తాం. తర్వాత వెళ్లలేక ఫోన్ ఎత్తడం మానేస్తాం. అవతలివాళ్లు మనల్నే కాదు, మనం చెప్పిన సాఫ్ట్‌వేర్‌ని కూడా నమ్మడం మానేస్తారు. కాదని ఒక్క నిమిషంలో చెప్పలేక, ఒక ఊరి నమ్మకాన్ని ఏళ్ల తరబడి పోగొట్టుకోవడమన్నమాట.

కాదని చెప్పగలగాలంటే ముందు వినాలి. సిస్టమ్ మీద చెయ్యి వేయకముందే ఒక్క ప్రశ్న అడగండి: "మీరు రోజూ దీంట్లో ఏం చేస్తారు?" జవాబును తొందరపెట్టకుండా వినండి. డీటీపీ షాపాయన అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు చేస్తుంటారు. ఆయన దగ్గర పదిహేనేళ్ల ఫైళ్లు ఉంటాయి. అవి యూనికోడ్‌లో లేవు కాబట్టి వేరేచోట తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలు. ఆడిటర్ ఆఫీసులో ట్యాలీ నడవాలి, రిటర్నులకు డిజిటల్ సంతకం డాంగిల్ పనిచేయాలి. సేవా కేంద్రంలో వేలిముద్రల యంత్రం ఉంటుంది, దాని డ్రైవరు చాలాసార్లు విండోస్‌కే దొరుకుతుంది. ఈ ముగ్గురికీ లినక్స్ ఎక్కించడం సేవ కాదు, అపకారం. వాళ్ల పొట్ట మీద మన ఆదర్శం రుద్దకూడదు.

అలాగని ఉత్త చేతులతో తిరిగి రానక్కర్లేదు. "సార్, ట్యాలీ దీంట్లో నేరుగా నడవదు. మీరు విండోసే ఉంచుకోండి. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ మాత్రం వేసిస్తాం. అవి విండోస్‌లోనూ పనిచేస్తాయి, దొంగ కాపీల అవసరం తగ్గుతుంది" అని చెప్పండి. డీటీపీ అన్నకు ఇంక్‌స్కేప్, స్క్రైబస్ చూపించండి. కొత్త పని ఒకటి యూనికోడ్‌లో చేసి చూసుకోమనండి. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లను వ్యాపారస్తులు మర్చిపోరు. మీరు ఎవరికైతే వద్దన్నారో వాళ్లే రేపు మరో నలుగుర్ని పంపుతారు.

మరి ఎవరికి ఎక్కించాలి? పనులు సాదాగా ఉన్నవాళ్లకు. ప్రాజెక్టు రిపోర్టులు రాసుకునే విద్యార్థులకు, గ్రంథాలయానికి, స్కూలు ల్యాబుకు, ఊరి కథలు రాసుకునే రిటైర్డు మాస్టారికి. ఇంకో కిటుకు కూడా ఉంది. పన్నెండు సిస్టమ్‌లూ పన్నెండు వీధుల్లో కాకుండా ఒకట్రెండు చోట్లే ఉండేట్టు చూసుకోండి. ఒకే ల్యాబులో పది ఉంటే వచ్చిన సమస్యే మళ్లీ వస్తుంది. రెండోసారి పక్క కుర్చీలో ఉన్నవాళ్లే దాన్ని తీర్చేస్తారు.

ప్రింటరు దగ్గరే తేలుతుంది

జనం సాఫ్ట్‌వేర్‌ను దాని తాత్విక పునాదుల్ని బట్టి అంచనా వేయరు. కాగితం బయటికి వచ్చిందా లేదా అన్నదే చూస్తారు. కాబట్టి ఎక్కించేముందు పెన్‌డ్రైవ్‌తోనే లినక్స్‌ను నడిపి చూడండి. డిస్కు మీద ఏదీ మారదు. వైఫై తగులుతోందా, సౌండు వస్తోందా, అన్నిటికన్నా ముందు వాళ్ల ప్రింటరు పలుకుతోందా చూడండి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి లినక్స్‌లో మద్దతు సిద్ధంగానే ఉంటుంది. మన ఆఫీసుల్లో ఇప్పటికీ విరివిగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 విషయం వేరు, దాన్ని పలికించాలంటే కాస్త కుస్తీ పట్టాలి. ఆ కుస్తీ ఆఫీసు వేళల్లో గుమస్తాగారి కళ్లముందు కాదు, ఆదివారం మీ గదిలో పట్టండి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుకలో కూడా ఒక ప్రింటరు ఉందని గుర్తుచేసుకుంటే కాస్త ఊరట. ఎంఐటీలోని కృత్రిమ మేధ ప్రయోగశాలకు వచ్చిన ఒక జిరాక్స్ ప్రింటరు తరచూ ఇరుక్కుపోయేది. ఇరుక్కున్నప్పుడు కబురు పంపేలా దాని ప్రోగ్రామును సవరించుకుందామంటే సోర్సు కోడ్ ఇవ్వలేదు. ఆ చిరాకు తన ఆలోచనను మలుపు తిప్పిన వాటిలో ఒకటని అక్కడ పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్ ఎన్నోసార్లు చెప్పారు. 1983 సెప్టెంబరులో ఆయన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం జీఎన్‌యూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ తోడైంది. ప్రింటరుతో మీరు పడే పాట్లకు మంచి వంశవృక్షమే ఉంది!

ప్రింటరు తర్వాత తెలుగు టైపింగ్. ఇక్కడ మీ శ్రద్ధ బయటపడుతుంది. మాస్టారికి ఇన్‌స్క్రిప్ట్ అలవాటా, డీటీపీలో నేర్చుకున్న ఆపిల్ కీబోర్డా, ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతా అన్నది అడిగి తెలుసుకోండి. లినక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఎమ్17ఎన్ వేసుకుంటే ఈ మూడూ దొరుకుతాయి. ఆయన వేళ్లు ఇన్నేళ్లుగా నేర్చుకున్నదాన్ని మార్చమనకండి. అక్షరాలు అందంగా కనబడాలంటే సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు, ఎన్‌టీఆర్ లాంటి స్వేచ్ఛా ఫాంట్లున్నాయి. వాటికి ముందు నుంచీ తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఉండనే ఉన్నాయి. మొదటి రోజే ఆయన పేరును రామభద్రలో పెద్దగా టైపు చేసి ఆయన ప్రింటరు మీదే తీసి ఇవ్వండి. మీ ఉపన్యాసం మొత్తం ఆ కాగితంలో ఉంటుంది.

బ్యాకప్ గురించి ఒక్క మాటే. ఫొటోలు, ఫైళ్లు రెండుచోట్ల దాచాకే డిస్కు ముట్టుకోండి. పెళ్లి ఆల్బం పోగొట్టిన బృందం ఆ ఊళ్లో మళ్లీ సభ పెట్టలేదు.

ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి

చాలామంది కార్యకర్తలు మొదటి ఐదు నిమిషాల్లోనే సిద్ధాంతమంతా ఒలకబోస్తారు. ఎదుటివాళ్లు మర్యాదకు తలూపుతారు, అంతే. పని అయ్యాక, కాగితం చేతిలో పడ్డాక, 'ఇదంతా ఎవరిస్తున్నారు బాబూ, వాళ్లకేంటి లాభం?' అని వాళ్లే అడుగుతారు. అప్పుడు చెప్పండి. ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎలా పనిచేస్తుందో విప్పి చూసుకోవచ్చు, మనకు తగ్గట్టు మార్చుకోవచ్చు, మార్చిందీ మార్చనిదీ పదిమందికి పంచవచ్చు. ఈ నాలుగూ హక్కుగా ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేకపోవడం దాంట్లో చిన్న సంగతి. రెండు నిమిషాలు చాలు. మిగిలింది వాళ్లు మళ్లీ అడిగినప్పుడు.

దొంగ కాపీ వాడుతున్నందుకు ఎవర్నీ చిన్నబుచ్చకండి. షాపువాళ్లు వేసిచ్చారు, వాళ్లు వాడుకున్నారు. 'ఇన్నాళ్లూ మీరు చేసింది తప్పు' అని మొదలుపెట్టిన మాట ఎక్కడికీ పోదు. 'దీనివల్ల మీకు తలనొప్పులు వస్తున్నాయి కదా, ఆ వైరస్ మెసేజీలు?' అని మొదలుపెడితే కుర్చీ మీవైపు జరుగుతుంది.

ఇంకోటి, వాళ్ల ముందు లినక్స్ రకాల్లో ఉబుంటు గొప్పా ఫెడోరా గొప్పా అని మీలో మీరు వాదులాడుకోవద్దు. అది మనకు సరదా. వాళ్లకు మాత్రం, ఇద్దరు డాక్టర్లు మంచం పక్కనే మందు గురించి గొడవపడుతున్నట్టు ఉంటుంది. బృందమంతా ఒక్క లినక్స్ రకం (డిస్ట్రో) ఎంచుకుని, రెండేళ్లు దాన్నే పట్టుకోండి. మీకు వేరేది ఇష్టమైతే ఇంట్లో మీ ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. సొంత ఇష్టాన్ని గుమ్మం బయట వదిలి రావడం ఈ పనిలో అలవడే మంచి గుణాల్లో ఒకటి. ఆఫీసు మీటింగుల్లోనూ అది పనికొస్తుంది.

నోటుపుస్తకం అనే కార్యకర్త

ప్రతి సిస్టమ్‌కీ ఒక పేజీ కేటాయించండి. ఏ మోడలు, ఏ ప్రింటరు, ఏం ఎక్కించాం, ఏం మొరాయించింది, ఎలా తీరింది, అన్నీ తెలుగులో రాయండి. తీరనివీ రాయండి, సిగ్గుపడకుండా. డెబియన్ ప్రాజెక్టు 1993 నుంచి ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీద నడుస్తోంది. దాని సామాజిక ఒప్పందంలో సమస్యల్ని దాచిపెట్టబోమన్న హామీ ఉంది. తప్పుల చిట్టా మొత్తం ఎవరైనా చూడవచ్చు. మన దగ్గర దీనికి పూర్తిగా ఎదురు. 'చేసేశాం, అంతా ఓకే' అన్న మెసేజీ మాత్రమే గ్రూపులో పడుతుంది. పనిచేయని వైఫై కార్డు సంగతి ఒక్కరి బుర్రలో ఉండిపోతుంది, ఆ ఒక్కరూ ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోతారు.

ఇంజినీరింగ్ కాలేజీ బృందాలకు ఇదే పెద్ద గండం. 2005 నుంచి హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు నేల మీద ఎన్నో కాలేజీల్లో జీఎన్‌యూ/లినక్స్ యూజర్ గ్రూపులను నిలబెట్టింది. ఇలాంటి గ్రూపు ఏదైనా ఫైనలియర్ వాళ్ల చేతుల్లోనే ఉంటే ఏటా ఏప్రిల్‌లో దాని ఆయుష్షు తీరుతుంది. సెకండియర్ పిల్లల చేత ఫోన్లు ఎత్తించండి. వాళ్లు తడబడితే పక్కన కూర్చోండి, ఫోన్ మాత్రం లాక్కోవద్దు. తనకు తెలిసిన పనిని ఇంకొకరు నెమ్మదిగా చేస్తుంటే చేతులు కట్టుకుని చూడగలగడం, నా దృష్టిలో, నాయకత్వానికి అసలు పరీక్ష. కమాండ్లు రానివాళ్లకూ బోలెడంత పనుంది. ఫోన్‌లో ఓపిగ్గా మాట్లాడటం, నోటుపుస్తకం నింపడం, వారానికోసారి 'ఎలా ఉందమ్మా సిస్టమ్?' అని పలకరించడం. ఈ చివరి పనికి కోడింగు మొనగాళ్ల కన్నా ఊళ్లో నలుగురికీ తెలిసిన ముఖాలే మేలు.

ఎవరైనా అలిసిపోతే 'రెండు నెలలు నన్ను వదిలేయండి' అని చెప్పి ఆగే వీలుండాలి. చెప్పకుండా మాయమయ్యేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, చెప్పే వీలు లేకే మాయమవుతారు.

కేరళ చేసింది, మ్యూనిక్‌లో తేలింది

సాయం దగ్గరుంటే ఏం జరుగుతుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. కేరళలో ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం 2001లో మొదలైంది. కొన్నేళ్లకే ప్రభుత్వ బడుల కంప్యూటర్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మారాయి. అక్కడ పనిచేసింది ఒక్క సర్కారు ఉత్తర్వే కాదు. ఉపాధ్యాయుల్లోంచే కొందరికి ముందు శిక్షణ ఇచ్చి, వాళ్ల చేతే మిగతావాళ్లకు నేర్పించారు. ల్యాబులో ఏదైనా ఆగితే అడగడానికి సాటి టీచర్ ఉన్నారు, తెలియని కంపెనీ మనిషి కాదు. ఆ కార్యక్రమమే 2017లో కైట్ అనే సంస్థ అయింది. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో హైస్కూలు పిల్లల క్లబ్బులు పెట్టి, ల్యాబుల బాగోగుల్లో వాళ్లకూ భాగం ఇచ్చారు. ఎనిమిదో తరగతి అమ్మాయికి 'సిస్టమ్ ఆగితే చూడాల్సింది నువ్వే' అని నమ్మకంగా అప్పజెప్పడం కన్నా మంచి వ్యక్తిత్వ వికాస శిక్షణ నాకు తెలీదు.

మరోవైపు, జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కి మారాలని తీర్మానించి, పదేళ్లు కష్టపడి వేలాది సిస్టమ్‌లను మార్చింది. 2017లో మళ్లీ విండోస్ వైపు తిరగాలని తీర్మానం చేసింది. కారణాల మీద ఇప్పటికీ వాదనలున్నాయి, రాజకీయం కూడా ఉంది. ఉద్యోగుల ఫిర్యాదుల్లో సాఫ్ట్‌వేర్ లోపాలతో పాటు సాయం అందే తీరు మీద అసంతృప్తీ ఉందన్నది మాత్రం మనం గమనించాల్సిన సంగతి.

రిపేరు షాపు అన్నను కలుపుకోండి

మన ప్రణాళికల్లో తరచూ కనబడని మనిషి ఒకరున్నారు: బస్టాండు దగ్గర కంప్యూటర్ రిపేరు షాపు ఓనరు. ఊళ్లో ఏ సిస్టమ్ చెడినా జనం ఆయన దగ్గరికే వెళతారు. మీరు లినక్స్ ఎక్కించిన సిస్టమ్ కూడా ఏదో ఒక రోజు ఆయన బల్ల మీదికి చేరుతుంది. తెలియకపోతే ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోసే వేసిస్తారు, ఆయన్ని అని లాభం లేదు. అదే మీరు ముందే వెళ్లి, "అన్నా, మీకు కస్టమర్లు పెరిగే పని ఒకటుంది" అని కూర్చోబెట్టి నేర్పితే? ఎక్కించినందుకు మూడొందలో ఐదొందలో ఆయన తీసుకుంటారు. తీసుకోనివ్వండి. ఉచితంగా చేస్తేనే పవిత్రమని కొందరు కార్యకర్తలు ముఖం చిట్లిస్తారు. అది అనవసరం. స్వేచ్ఛా లైసెన్సులు కాపీలు అమ్ముకోవడానికీ సేవకు రుసుము తీసుకోవడానికీ అడ్డు చెప్పవు. స్టాల్‌మన్ కూడా మొదట్లో తన ఈమ్యాక్స్ ఎడిటర్ టేపులను ఒక్కోటి నూటయాభై డాలర్లకు పంపుతూ గడిపారు.

డబ్బు వచ్చే పని కాబట్టి షాపు అన్న సోమవారం పదకొండింటికి కూడా ఉంటారు. మీరు పరీక్షల్లో మునిగినా, పెళ్లికి వెళ్లినా, వేరే ఊరికి మారినా ఉంటారు. మీ నోటుపుస్తకం ఫొటోకాపీ ఒకటి, సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్ ఒకటి ఆయనకివ్వండి. ఆయన చేయలేని వాటికి మీకు ఫోన్ చేయమనండి. మీ పన్నెండు సిస్టమ్‌లూ అలా ఆయన చూసుకోవడం మొదలుపెట్టాక, మీ బృందం పక్క మండలం హైస్కూలు హెడ్మాస్టరు గారి దగ్గర అపాయింట్‌మెంట్ అడగవచ్చు.